గంగామణి తుపాకీ లైసెన్సు

నేను ఒక జంట గొట్టాల తుపాకీని. పులుల్ని పడగొట్టడానికి పుట్టానని నన్ను తయారుచేసినవాళ్లు అనుకున్నారు. నా మొదటి యజమాని దొరగారు మాత్రం నన్ను ఫొటోలు దిగడానికే కొన్నారు. నన్ను భుజాన వేసుకుని మీసం దువ్వుకోవడమే తప్ప, ఒక్కసారైనా నన్ను పేల్చిన పాపాన పోలేదు. ఆయన పోయాక కొడుకులు నన్ను ఒక తుపాకుల దుకాణంలో పడేశారు. అక్కడ ఏళ్ల తరబడి దుమ్మును వేటాడాను.

ఒకరోజు గంగామణి వచ్చింది. నర్సుగా పనిచేసి రిటైరైన అరవై రెండేళ్ల మనిషి. అడవిపందులు ఆమె మక్కజొన్న చేను తిన్నది చాలక, కాపలాకు వెళ్లిన భర్త భూమన్న తొడను చీల్చేశాయి. ఊళ్లో మగవాళ్లంతా పరామర్శకు వచ్చి, టీ తాగి, పందిని ఎలా చంపాలో వివరంగా చెప్పి వెళ్లారు. చంపడానికి మాత్రం ఒక్కరూ వెళ్లలేదు. చూసి చూసి ఆమే లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకుంది.

విచారణకు వచ్చిన ఎస్సై, "ఈ వయసుల మీకు తుపాకెందుకమ్మా? మనుమలను ఆడిపిచ్చుకోక!" అన్నాడట.

"పంది వచ్చి మనుమలను అడుగుతలేదు సారూ, మక్కలను అడుగుతున్నది," అందట ఈమె.

డాక్టరు ఆమె కళ్లు, గుండె, మతి అన్నీ పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చాడు. టీ తాగి వెళ్లినవాళ్ల మతిని ఎవరూ పరీక్షించలేదు. లైసెన్సు వచ్చి ఆమె నన్ను కొన్నాక, పోలీసు మైదానంలో అట్టముక్కను కాల్చడం నేర్పారు. అట్టముక్క పారిపోదు, ఎదురు తిరగదు. అందుకే ఆమె ఇట్టే పాసైంది. నేను తన్నిన తన్నుకు భుజం కమిలిపోతే భూమన్న మంచంలో కూర్చునే మందు రాశాడు.

"నేను మంచిగుంటే ఎప్పుడో చంపేటోణ్ని," అన్నాడు రాస్తూ.

"మంచిగున్నప్పుడే గదా నిన్ను పొడిచింది!"

పందుల్ని కాల్చడానికి అధికారుల అనుమతి కూడా వచ్చింది. ఒక సాయంత్రం పొద్దుగూకుతుండగా ఆమె నన్ను పట్టుకుని మంచె ఎక్కింది. కాసేపటికి మక్క కర్రలు కదిలాయి. పెద్ద పంది ఒకటి బయటికొచ్చింది. ఆమె కాల్చింది. గుండు దాని నడుములో దిగింది. అది పడింది కానీ చావలేదు. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ అరిచింది. రెండో గుండు మట్టిలోకి పోయింది.

ఇన్నేళ్లుగా నా గురించి నాకున్న గొప్పలన్నీ ఆ అరుపుతో దిగిపోయాయి.

ఆమె మంచె దిగింది. మళ్లీ తూటాలు వేసింది. దాని దగ్గరికి నడిచి వెళ్లి, "అయిపాయె తల్లీ, అయిపాయె," అంది. పురిటి మంచాల దగ్గర అలవాటైన మాటలేమో. తర్వాత దాని తలకు నన్ను గురిపెట్టి కాల్చింది.

చప్పుడు విని ఊరు పరుగెత్తుకొచ్చింది. ఒకరు శభాష్ అన్నారు, ఒకరు నాతో సెల్ఫీ దిగారు, ఇంకొకరు తొడ మాంసం తనకే కావాలన్నారు. నిబంధన ప్రకారం పూడ్చిపెట్టాలని ఆమె చెప్పేసరికి అందరికీ ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చాయి.

మర్నాడు పక్క చేను లస్మన్న వచ్చాడు. "అక్కా, ఇయ్యాల మా చేనుకు రావాలె."

"ఇప్పుడే రాను. నాకింకా కాల్చుడు రాదు."

"లైసెన్సున్నది గదా!"

"లైసెన్సున్నది. కాల్చుడే రాదు."

మనుషులు అనుమతి ముందు ఇస్తారు, నేర్చుకోవడం తర్వాత సంగతి. ఆ తర్వాతి సంగతిని నిజంగానే పట్టించుకున్న మనిషిని అప్పుడే చూశాను. ఆమె నన్ను సంచీలో పెట్టుకుని మళ్లీ పోలీసు మైదానానికి వెళ్లింది.

"మీరు పాసయిన్రు గదమ్మా, ఇంకేం నేర్చుకుంటరు?" అని శిక్షకుడు నవ్వాడు.

"ఒక్క దెబ్బకే పానం పోయేటట్టు కొట్టుడు నేర్పుండ్రి సారూ. నిన్న అది మస్తు గోసపడ్డది."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆమె నన్ను ఎత్తి, కమిలిన ఆ భుజానికే ఆనించుకుంది.