పడుగు ముట్టిన చేయి

ముట్టయిన ఆడమనిషి పడుగును తాకితే పోగులు తెగుతాయి. కర్నూలుకు పడమటనున్న ఆ నేత ఊళ్లో ఈ మాటను ఎవరూ ఎవరికీ నేర్పరు. మగ్గం చప్పుడు వినబడే దూరంలో పుట్టినవాళ్లకు ఎండ వేడిమి తెలిసినట్టే అదీ తెలిసిపోతుంది. మహాదేవమ్మకు అలాగే తెలిసింది. ఆమె కొడుకు హనుమేష్‌కూ అలాగే తెలిసింది. కోడలు శశికళ పుట్టింటి నుంచి ఆ జ్ఞానంతోనే వచ్చింది. నిజమో కాదో పరీక్షించి చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. పరీక్షించాలంటే ముందు తాకాలి.

ఆ మైలకు ఒక విచిత్రమైన వివేకం కూడా ఉండేది. ఆ మూడు రోజులూ పెరటి గోడకు ఆనించివున్న ఈతాకు చాప పరుచుకుని శశికళ అక్కడే ఉండాలి. వంటింటి గడప దాటకూడదు, మగ్గం గది వైపు నీడ కూడా పడకూడదు. కానీ చాప మీద కూర్చుని పేక నూలు కండెలు చుట్టవచ్చు. బండ మీద ఇంటిల్లిపాది బట్టలూ ఉతకవచ్చు. పెళ్లయిన కొత్తలో ఆమె అడిగింది, కండెలోని నూలుకు మైల అంటదా అని. "ఎండలో పెడితే పోతాదిలే. కండెలు లేకుంటే మగ్గం ఆగిపోదా? నువ్వు చుట్టు" అన్నది అత్త. మైల ఎక్కడ అంటుతుందో, ఎక్కడ అంటదో నిర్ణయించేది మగ్గమేనని శశికళకు ఆ రోజే అర్థమైంది. ఆ తర్వాత ఆమె అడగలేదు.

మిగతా రోజుల్లో ఆమె చేసే పనికి ఆ ఇంట్లో ఉన్న పేరు సాయం. నూలుకు గంజి పెట్టేది ఆమె, వీధిలో పడుగు చాచి ఆరబెట్టేది ఆమె, పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను బూడిద అద్దిన వేళ్లతో ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతికేది ఆమె. చీర మగ్గం దిగేసరికి అది హనుమేష్ నేసిన చీర అయ్యేది. జనాభా లెక్కలకు వచ్చినాయన "ఆమె ఏం చేస్తుంది?" అని అడిగినప్పుడు హనుమేష్ అబద్ధం చెప్పాలని అనుకోలేదు. "ఇంట్లోనే ఉంటాది సార్. రవ్వంత సాయం చేస్తాది" అన్నాడు. గంజి కుండ మోస్తూ ఆ పక్కనుంచే వెళుతున్న శశికళకు ఆ మాట తప్పని కూడా తోచలేదు. తోచడానికి రెండేళ్లు పట్టింది.

ఊరి చివర కమ్యూనిటీ కాలేజీలో సాయంకాలపు తరగతులు పెట్టారు. చదువు మధ్యలో మానేసినవాళ్లూ చేరవచ్చునన్నారు. "పొయ్యిరా, నేనేమన్నా వద్దంటినా? వంటకు పొద్దుపోకుంటే సాలు" అన్నాడు హనుమేష్. తనను తాను ఉదారుడిగా భావించుకునే మనిషి అతను. కాలేజీలో నవకల్పన కేంద్రమని ఒక పెద్ద గది ఉంది. కొత్త ఆలోచన ఉన్నవాళ్లకు ఏడాదిపాటు అందులో చోటు, పనిముట్లు, అమ్మకానికి దారి చూపే మనుషులు దొరుకుతారు. మొదటి రోజు పాఠం చెప్పినాయన "మీ ఇంట్లో మిమ్మల్ని ఎక్కువ విసిగించేది ఏది? అక్కడినుంచి మొదలుపెట్టండి" అన్నాడు. వెనక బెంచీ నుంచి ఎవరో "మా అత్త సార్" అంటే గదంతా నవ్వింది. నవ్వు ఆగాక శశికళ "తెగిన పోగు" అన్నది.

వేసవిలో పోగు ఎక్కువగా తెగుతుందని నేతగాళ్లందరికీ తెలుసు. గాలిలో చెమ్మ లేకపోతే పత్తి నూలు పెళుసెక్కుతుందని ఆమె అక్కడ తెలుసుకున్నది. పడుగు కింద పట్టేంత రేకు తొట్టి చేయించి, అందులో గోనెపట్టా పరిచి, ఆసుపత్రి వాళ్లు పారేసే సెలైను గొట్టంలాంటిది కొత్తది కొని, కుండలోంచి చుక్కచుక్కగా నీళ్లు దిగేలా అమర్చింది. చుక్క ఎక్కువైతే గంజి కరిగి పడుగు మెత్తబడుతుంది. తక్కువైతే తొట్టి ఉండీ లేనట్టే. మరిది ఆదోని మిల్లులో పనికి పోయాక ఖాళీగా పడివున్న రెండో మగ్గం కింద ఆమె నెలల తరబడి ఆ చుక్కను సర్దుకున్నది. నేత కాలేజీ మగ్గం మీద నేర్చుకున్నది. ఇంట్లో ఆమె మగ్గం గుంటలో కూర్చోవడం చూసి మహాదేవమ్మ వారం రోజులు మాట్లాడలేదు. పక్కింటి గిడ్డమ్మ గోడమీది నుంచి తొంగిచూసి "ఏమ్మే శశికళా, మగ్గానికి గ్లూకోజు ఎక్కిస్తాండావే! దానికేమన్నా జరమొచ్చిందా?" అన్నది.

ప్రిన్సిపాలు ఉమామహేశ్వరగారికి తొట్టి నచ్చింది. "అయితే శశికళమ్మా, నేతగాడు మీ ఆయన. కేంద్రంలో చోటు ఆయన పేరు మీద అడిగితే కమిటీకి అర్థం కావడం తేలిక" అన్నారు.

"తొట్టి చేసింది నేను సార్."

"కాదన్నానా? మీ సాయం ఉందని నేనే చెప్తాను కదా."

సాయం అన్న మాట తప్పని ఆమెకు అప్పుడు తోచింది.

కర్నూలు నుంచి కమిటీ తరఫున వస్తున్న రత్నమణి అనే ఇంజనీరు మాత్రం ఒక షరతు పంపింది. చేసినవాళ్లే నేసి చూపాలి. రెండు మగ్గాలు పక్కపక్కన ఉండాలి. ఒకే నూలు, ఒకే గంజి. ఒకదాని కింద తొట్టి ఉండాలి, రెండోదాని కింద ఉండకూడదు. ఎండ బాగా ముదిరే వేళ నేసి, తెగిన పోగులు లెక్కపెట్టాలి. రెండో మగ్గం మీద హనుమేష్ కూర్చోవాలి. "పెండ్లాముతో పందెమా? కానీయ్" అని అతను నవ్వాడు. ఆ నవ్వులో నిజంగానే కల్మషం లేదు. ఓడిపోవడం అనేది అతని ఊహలోకే రాలేదు.

పరీక్ష రోజు పొద్దున శశికళకు ముట్టు వచ్చింది. రావలసిన రోజుకు ముందే వచ్చింది.

ఆమె నీళ్లగదిలో తడిక పట్టుకుని నిలబడిపోయింది. చాప పరిస్తే ఎవరూ ఏమీ అనరు. హనుమేష్ తొట్టి ఉన్న మగ్గం మీద కూర్చుంటాడు, ఎదురు వీధి నుంచి ఇంకెవరైనా వచ్చి రెండోదాని మీద కూర్చుంటారు, ప్రిన్సిపాలుగారు సంతోషంగా హనుమేష్ పేరు చెబుతారు. ఆమె పెరట్లో కండెలు చుడుతూ ఉంటుంది. ఏడాది తర్వాత కేంద్రం నుంచి బయటికి వచ్చే తొట్టి హనుమేష్ తొట్టి అయివుంటుంది, చీరలాగే. చాప పరవకపోతే? పోగు అనేది ఎవరు తాకినా తాకకపోయినా ఎప్పుడో ఒకప్పుడు తెగేదే. మంచి నూలూ తెగుతుంది, మంచి చేతి కిందా తెగుతుంది. తెగినప్పుడల్లా కారణం వెతకడానికి అత్త దగ్గర ఒక్క కారణమే ఉంది. ఆ ఇంటి న్యాయంలో తెగని వెయ్యి పోగులు దేన్నీ రుజువు చేయవు, తెగిన ఒక్క పోగు అన్నిటినీ రుజువు చేస్తుంది. ఈ రోజు ఒక్కటి తెగి, సంగతి బయటపడితే, రేపు పుట్టబోయే తన కూతురికి, కూతురి కూతురికి కూడా సాక్ష్యంగా చెప్పుకుంటారు, ఫలానా శశికళ కాలేజీ చదువు చదివి పడుగును ముట్టుకుంటే ఏమయిందో చూడండని. ఇదంతా లెక్క. లెక్క ఆమెను అంతగా భయపెట్టలేదు. భయపెట్టింది తన వేళ్లు. చెమ్మ, నూలు, గంజి అని బుద్ధి చెబుతూనే ఉంది, వేళ్లు మాత్రం నమ్మడం లేదు. నిజమైతే? ఇంతమంది ఇన్నాళ్లు నమ్మినదాంట్లో రవ్వంతైనా నిజముంటే?

"మే, నీళ్లగదిలోనే ఉంటావా? వాళ్లొచ్చే పొద్దయింది!" బయటినుంచి అత్త.

శశికళ బయటికి వచ్చింది. గోడకు ఆనించివున్న చాపను చూసింది. దాన్ని దాటి మగ్గం గదిలోకి వెళ్లింది.

రత్నమణి జుట్టు నెరిసిన మనిషి. చెప్పులు గడప బయట విడిచి, నూలు రెండువేళ్ల మధ్య నలిపి చూసి, గోడవార స్టూలు మీద కూర్చున్నది. ప్రిన్సిపాలుగారు చేతిరుమాలుతో విసురుకుంటూ నిలబడ్డారు. పోగులు లెక్కపెట్టడానికి శశికళతోపాటు చదివే శివలీల వచ్చింది. ఇరవై దాటని పిల్ల, పడమటి పల్లెలో సేద్యగాళ్ల బిడ్డ. ఫ్యాను వేయలేదు, పడుగు కదులుతుందని. మట్టిమిద్దె కూడా ఆ ఎండకు కాగిపోయింది.

హనుమేష్ గుంటలోకి దిగి కాళ్లు సర్దుకున్నాడు. "ఏమే, భయమైతాందా?"

"నీకు?" అన్నది శశికళ.

పేక నూలు మోసే నాడెలు కదిలాయి. అతనిది అలవాటైన చేతి లయ, ఆమెది కొంచెం నిదానం. కాసేపటికే అతని వైపు చప్పుడు ఆగింది. పోగు తెగింది. అతను అతుకుకుని మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆగింది. శివలీల వేలు మడిచింది. శశికళకు అటు చూసే ధైర్యం లేదు. ఆమె చూపంతా తన పడుగు మీదే ఉంది. ప్రతి పోగూ ఆమెను గమనిస్తున్నట్టే ఉంది. నడుములోంచి నొప్పి తొడల్లోకి దిగుతోంది. గుంటలోంచి లేచినప్పుడు చీరకు మరక ఉంటే? ప్రిన్సిపాలుగారు ఎదురుగా ఉన్నారు. ముదురు నీలం చీర కట్టుకున్నందుకు తనను తానే మెచ్చుకున్నది. ఆ తర్వాత, తొట్టి గురించి ఆలోచించవలసిన పూట చీర రంగు గురించి ఆలోచించవలసి వచ్చినందుకు కోపం వచ్చింది. ఆ కోపంలో చేతి లయ కొంత కుదురుకున్నది.

పొద్దు నడినెత్తి దాటాక ఆమె పోగు ఒకటి తెగింది.

చిన్న చప్పుడు. పక్కనున్నవాళ్లకు వినబడలేదు కూడా. ఆమెకు మాత్రం గదంతా వినబడినట్టయింది. తల ఎత్తి అత్త వైపు చూసింది. గడపలో కూర్చున్న మహాదేవమ్మ కొడుకు మగ్గం వైపే చూస్తోంది. శశికళ తెగిన కొసను పట్టుకుని కంటి దగ్గరికి తెచ్చుకున్నది. వడకడంలోనే పలచబడిన చోటు అది. ఎక్కడైనా, ఎప్పుడైనా తెగివుండేది. వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టింది. అతుకు నిలిచింది. "ఒకటి" అన్నది పైకి, శివలీలకు వినబడేలా. నాడె వదిలింది.

రత్నమణి చాలునన్నాక శివలీల లెక్క చెప్పింది. హనుమేష్ మగ్గం మీద పదకొండు. శశికళ మగ్గం మీద ఒకటి.

హనుమేష్ మొహం తుడుచుకున్నాడు. "ఇన్నెప్పుడూ తెగల్యా నాకు" అన్నాడు మెల్లగా, ఎవరితోనూ కాదన్నట్టు.

మహాదేవమ్మ లేచింది. "తెగవా మరి? ముట్టు మనిషెవరో పడుగు కాడికొచ్చినట్టుండాది!" ఆమె చూపు గదంతా తిరిగి శివలీల మీద ఆగింది. "ఏమ్మే పాపా, నువ్వే గదా పొద్దున్నుంచి మావాని పడుగు మీదికి వంగి వంగి లెక్కబెడతాండేది? నిజం చెప్పు. స్నానమైందా, కాల్యా?"

"నేను కాదవ్వా!" శివలీల మొహం ఎర్రబడింది. ప్రిన్సిపాలుగారు గోడమీది క్యాలెండరును శ్రద్ధగా చదవసాగారు. "నేను కాదు, దేవుని మీద ఒట్టు..." పిల్ల మగ్గం దగ్గరనుంచి వెనక్కి జరిగింది.

తొట్టి గెలిచింది. చోటు దాదాపు వచ్చేసింది. నోరు మెదపకుండా ఉంటే చాలు, ఇంకో అరగంటలో అందరూ వెళ్లిపోతారు. శశికళ ఆ అరగంటను స్పష్టంగా చూసింది. అది గడిచాక శివలీల తన ఊరికి ఏం మోసుకుపోతుందో కూడా చూసింది.

"ఆ పిల్ల కాదత్తా. నేను" అన్నది. "పొద్దున్నుంచీ."

మహాదేవమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. హనుమేష్ శశికళ పడుగు వైపు, తన పడుగు వైపు మార్చి మార్చి చూశాడు. "చెప్పకుండా కూర్చుంటివా? మగ్గంలో?"

"చెప్తే కూర్చోనిస్తురా?"

"ఆ సంగతి మన పరీక్షలో లేదమ్మా. తొట్టి ఉందా, లేదా అన్నదొక్కటే ఉంది" అన్నది రత్నమణి లేచి నిలబడుతూ. "కేంద్రంలో చోటు ఎవరి పేరు మీద, ప్రిన్సిపాలుగారూ?"

ఆయన క్యాలెండరు నుంచి చూపు తిప్పి హనుమేష్‌ను చూశారు.

"నా పేరు మీద" అన్నది శశికళ. "ఎం. శశికళ."

వాళ్లు వెళ్లాక మహాదేవమ్మ గడపకు పసుపునీళ్లు చల్లి, ఈతాకు చాప తెచ్చి పెరట్లో తానే పరిచింది. శశికళ దాన్ని చుట్టి మళ్లీ గోడకు ఆనించింది. అత్త తిట్టింది, ఏడ్చింది, కొడుకును పిలిచింది. హనుమేష్ రాలేదు. అతను మగ్గం గదిలో ఆమె తొట్టి పక్కన గొంతుక్కూర్చుని చుక్క పడటం చూస్తున్నాడు.

దీపాలు పెట్టే వేళ అతను వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. ఆమె అన్నం వారుస్తోంది. ముట్టు రోజుల్లో ఆమె దాటకూడని ఆ గడపను ఒకసారి చూసి, తొట్టి మాటే ఎత్తాడు. "ఆ రేకు తొట్టి... నా మగ్గానికి పడతాదా?"

"పడతాది."

"అట్లయితే రేపు నువ్వు దూరంగా నిలబడి చెప్పు. నేనే పెట్టుకుంటా. అమ్మ గూడా ఊరుకుంటాది."

"చుక్క సర్దేది మాటతో వచ్చేది కాదు. తొట్టి పెడితే నేనే పెడతా, నా చేత్తోనే, రేపే. వద్దంటే నా తొట్టి నా కాడే ఉంటాది."

అతను మగ్గం గది వైపు ఒకసారి చూశాడు. "నీ ఇష్టం" అన్నాడు.

మరుసటి పొద్దున శశికళ హనుమేష్ మగ్గం గుంటలోకి దిగింది. అతని పడుగును చేత్తో పైకెత్తి, కింద తొట్టి అమర్చి, గోనెపట్టా తడిపి, చుక్క సర్దింది. మహాదేవమ్మ గడపలో నిలబడి చూసింది. హనుమేష్ పొద్దుగూకేదాకా నేశాడు. ఎండ ముందురోజు లాగే ఉంది. నూలు అదే, గంజి అదే. ఆ రోజు రెండు పోగులు తెగాయి.