మగ్గాల చిరునామా

నీలం అనే పిలిచిందా, లేక పచ్చ అందా? మునీరాకి ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. నోటికి అలవాటైన పని. గళ్ళ కాగితం మీది నక్షా చూస్తూ "రెండు గంధం, ఒకటి నీలం, నాలుగు పచ్చ" అని పిలుస్తుంది. మగ్గం ముందు బల్ల మీద కూర్చున్న ముగ్గురూ ఆ మాట ప్రకారం ఉన్ని ముడులు వేస్తారు. ముడి వేసేవాళ్ళు నక్షా చూడరు. పిలిచే మనిషి మాటే వాళ్ళకి నక్షా. పద్నాలుగేళ్ళుగా ఆ మనిషి తనే. ఈ పొద్దున మాత్రం నోరు రంగులు పిలుస్తుంటే మనసు పదకొండు గంటల దగ్గర తిరుగుతోంది.

పదకొండింటికి ఆఫీసరమ్మ వస్తుంది. తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ఆడవాళ్ళ సంఘానికి ప్రభుత్వం ఆరు కొత్త మగ్గాలు ఇస్తోంది. వాటిని ఎక్కడ బిగించాలో ఇవాళ ఒక్క సంతకంతో తేలిపోతుంది. కాగితాల మీద సంఘానికి అధ్యక్షురాలు మునీరా. కానీ నాలుగేళ్ళ క్రితం సంఘం పెట్టించిందీ, పేర్లు రాయించిందీ, స్టాంపు తన బీరువాలో దాచుకున్నదీ షెడ్డు యజమాని హఫీజ్. కొత్త మగ్గాలు ఆయన షెడ్డులో దిగితే ఇప్పటి బతుకే. పొద్దుటినించి దీపాలవేళ దాకా నడుం వంచితే రెండొందల అరవై కూలి. తివాచీ ఎక్కడికి పోయిందో, ఎంతకి అమ్ముడైందో తెలీదు. పేటలో ఖాళీగా పడున్న కమ్యూనిటీ హాల్లో దిగితే, ఉన్ని తామే కొనుక్కోవచ్చు, నేసింది తామే అమ్ముకోవచ్చు. వారం రోజులు, తమతో ముడులు వేసే ఖుష్బూ వాళ్ళ అరుగు మీద కూర్చుని పన్నెండు మందీ అనుకున్నది అదే. "మాట్లాడేది నువ్వే ఆపా, మా అందరికీ పెద్దక్కవి" అన్నారు. సరేనంది.

అరుగు మీద సరేననడం తేలిక. భర్త ఇలియాస్ కామెర్లతో మంచం పట్టినప్పుడు విజయవాడ ఆసుపత్రికి కారు పంపింది హఫీజే. ఆయన ఎదురుపడితే ఆమెకి ఆ కారు గుర్తొస్తుంది. గుర్తు రాగానే ఆయన ఏమన్నా తల ఊపేస్తుంది. అది కృతజ్ఞతో భయమో ఇన్నేళ్ళలో ఆమె విడదీసి చూసుకోలేదు. రెండూ ఒకే చోట నొప్పి పెడతాయి.

తలెత్తి తివాచీ వైపు చూసింది. పువ్వు కింద ఆకు నీలంగా ఉంది. రెండు వరసలు.

"ఆపండే! ఇక్కడ పచ్చ కదా రావాలి?"

ముగ్గురి చేతులూ ఆగాయి.

"ఆకు నీలంగా వస్తోందేంటా అని నేను ఇందాకే అనుకున్నానక్కా," అంది వీరదుర్గ.

"అనుకుని? నోట్లో ఏం పెట్టుకున్నావే, బూరెలా?"

"నువ్వు పిలిచావు, నేను కట్టాను. నువ్వు నీలం అన్నాక నీలమే. రేపు ఏనుగని పిలువు, ఏనుగునే కడతాం."

ఖుష్బూ కిసుక్కున నవ్వింది. మునీరాకి నవ్వు రాలేదు. చూశారు. చూస్తూనే కట్టారు. తనని చూసి కూడా నోరు మూసుకునేవాళ్ళు ఉంటారని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆ ఊహ కొత్తగా, కాస్త రోతగా తోచింది.

"విప్పండి," అంది. "తప్పు నాదే."

వాళ్ళు ముడులు విప్పుతుండగానే హఫీజ్ ఆఫీసరమ్మని వెంటబెట్టుకుని వచ్చాడు. తనే కుర్చీ తుడిచి వేశాడు.

"కూర్చోండి మేడమ్ గారూ. ఈవిడేనండి మా మునీరమ్మ, ప్రెసిడెంటు. చేతిలో పని బంగారం. మాటలే తక్కువండి."

"మగ్గాలు ఎక్కడ పెట్టుకుంటున్నారమ్మా?" అని ఆమె మునీరాని అడిగింది.

"ఇక్కడేనండి," అన్నాడు హఫీజ్. "అంతా రాసేశానండి. సంతకమే తరువాయి."

"నేను ఆవిడని అడిగానండి," అంది ఆఫీసరమ్మ వాచీ చూసుకుంటూ.

మునీరా నోరు తెరిచింది. వారం రోజులు పొయ్యి దగ్గర, పంపు దగ్గర మనసులో అల్లుకున్న వాక్యం లేదు. దాని చోట హఫీజ్ ఆసుపత్రికి పంపిన ఆ తెల్లకారు నిలబడి ఉంది.

హఫీజ్ కాగితం ఆమె ఒళ్ళో పెట్టి, కలం దాని మీద ఉంచి, మెత్తగా అన్నాడు. "ఇది రంగులు పిలవడం కాదు కదమ్మా. ఆ హాలు సంగతి నా చెవిన పడిందిలే. కరెంటు ఎవరు తెస్తారు? ఉన్ని ఎవరిస్తారు? మగ్గాలు మూలపడితే పన్నెండు కొంపలూ నీ పేరే తిట్టుకుంటాయి. పెట్టు. మేడమ్ గారు ఇంకా భీమడోలు వెళ్ళాలంట."

వెనక ముడులు విప్పుతున్న చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. ముగ్గురూ తన వీపు వైపే చూస్తున్నారని మునీరాకి తెలుస్తోంది. తను సంతకం పెడితే ఒక్కరూ ఏమీ అనరు. వెళ్ళి బల్ల మీద కూర్చుంటారు.

కాగితం తీసి ఖుష్బూకి అందించింది.

"టెన్త్ పాసయ్యావుగా. గట్టిగా చదువు. అందరూ వినాలి."

ఖుష్బూ తడబడుతూ చదివింది. సంఘం పేరు, సభ్యుల పేర్లు. "మగ్గాలు అమర్చు స్థలము, శ్రీ హఫీజ్ గారి షెడ్డు." అక్కడ ఆగి తలెత్తింది.

వీరదుర్గ, నేల చూస్తూ, వినపడీ వినపడకుండా అంది. "మనం అనుకుంది అది కాదు కదక్కా."

"చూశారాండీ మేడమ్ గారూ, వీళ్ళకి ఎవరో ఎక్కించారండి," అని నవ్వబోయాడు హఫీజ్. నవ్వు నిలవలేదు. "మునీరా," అన్నాడు. ఈసారి వెనక 'అమ్మా' లేదు.

మునీరా కాగితం తిరిగి తీసుకుంది. బల్ల మీద పరిచి, కలం మూత తీసింది. స్థలము అన్న మాట ఎక్కడుందో వేలితో వెతుక్కుని, షెడ్డు పేరు మీద అడ్డంగా గీత మొదలుపెట్టింది. ఆపలేదు, చివరి అక్షరం దాటేదాకా లాగింది.