దీపస్తంభం పిలుస్తున్నాడు

రేడియో పంపుతోంది గాని, వినడం లేదు. గుమాస్తా తేల్చిన సంగతి అది.

తంతి ఆఫీసులో జుట్టు నెరిసిన మనిషి ఆయన. టకటకలు విని ఊరందరి చావులూ పెళ్లిళ్లూ కాగితం మీద పెట్టినవాడు. ఇప్పుడు కిట్టులో వచ్చిన ముక్కలన్నీ టంకం పెట్టి నిలబెట్టిన రేడియో ముందు కూర్చుని హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే గాలి హోరు తప్ప మరేం రావడం లేదు. మీట నొక్కితే మాత్రం అవతలికి చేరుతోంది.

అవతల ఉన్నది పాత స్నేహితుడు. గుమ్మాలన్నీ వంగి దాటేంత పొడుగు కనక ఆఫీసులో దీపస్తంభం అనేవారు. గొంతు ఆపరేషన్లో మాట పోయింది. వేళ్లు మిగిలాయి. రోజూ సాయంత్రం చుక్కలూ గీతలతో గుమాస్తాను పిలుస్తాడు. దీపస్తంభం భార్య పొద్దున ఫోన్లో రాసి పంపింది: "అన్నయ్యగారూ, మీరు పిలుస్తారు, ఈయన జవాబిస్తే పట్టించుకోకుండా మళ్లీ మీరే పిలుస్తారు. కోపం ఉంటే చెప్పండి. ఇవాళా ఇంతే అయితే మీట అటకెక్కించేస్తానంటున్నారు."

అందుకని బావమరిదిని రమ్మన్నాడు. మిక్సీలు బాగుచేసే కొట్టు అతనిది. ఈ కిట్టు తెచ్చింది, సగం టంకం పెట్టింది, చివర్న శ్రుతి చేసింది అతనే. అక్క పోయినా రాకపోకలు మానలేదు. రమ్మని గుమాస్తా ఎప్పుడూ అనలేదు. ఇవాళే అన్నాడు, అదీ తిట్టడానికి.

"నీ టంకమే రా. కాయిల్ తీగ మీది పూత గీకకుండా అతికించావు."

"గీకాను బావా."

"గీకితే పలకదూ?"

"పోనీ, మళ్లీ గీకుతాను. నా మాట నీకెప్పుడు చెవికెక్కింది గనక. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావ్ అన్నాడట."

"సామెతలు తర్వాత. పని చూడు."

బావమరిది కాయిల్ ఊడదీసి, రాగి మెరిసేదాకా గీకి మళ్లీ అతికించాడు. మీటరు పెట్టి చూశాడు. తీగలు కలిసే ఉన్నాయి. హెడ్‌ఫోన్లు తను పెట్టుకున్నాడు.

"వస్తోంది కదా బావా, గింగురుమంటూ. ఎవరో తీరిగ్గా వాయించేస్తున్నారు."

గుమాస్తా లాక్కుని పెట్టుకున్నాడు. హోరు.

"నీకు వచ్చి నాకు రాదా? నాతోనా పరాచికాలు?"

"వైరు లూజేమో," అన్నాడు బావమరిది. వైరు కదిపి చూశారు. మార్చి చూశారు. అతనికి వచ్చింది, ఈయనకు రాలేదు.

"ఈ ఇంట్లో ఒక్క వస్తువూ సవ్యంగా లేదు," అన్నాడు గుమాస్తా. "వాషింగ్ మెషీన్ చూడు, పని అయ్యాక కూసేది, మానేసింది. బట్టలు అందులోనే ముక్కిపోతున్నాయి."

"నీ చొక్కా వాసన చూసి, వంటింట్లో ఎలక చచ్చిందేమో అనుకున్నాను."

"నోరు ముయ్యి."

బావమరిది నవ్వబోయి ఆగాడు. తల తిప్పి పెరటి వైపు చూశాడు. లేచి వెళ్లాడు. తడి చొక్కా ఒకటి చేత్తో పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడికెళ్లావ్ పని వదిలేసి?"

"కూస్తే వెళ్లాను."

"ఏది కూస్తే?"

"మెషీన్." గొంతు తగ్గించాడు. "ఇంకా కూస్తోంది బావా."

గుమాస్తా చెవి ఒగ్గాడు. ఫ్యాను గరగర ఉంది. వీధిలో లారీ పోతోంది. కూత లేదు.

ఆఫీసులో ఆయన చెవికి పేరుండేది. ఎవరికీ అందని టక్కు ఆయనకు అందేది. ఆ చెవి పోయిందని చెప్పడానికి తడి చొక్కా ఒకటి చాలింది. ఇక ఆ శంఖం సామెత మళ్లీ వస్తుందని కాచుకున్నాడు. అన్నాడా, రెక్క పట్టుకుని గెంటేద్దామనుకున్నాడు.

బావమరిది చొక్కాను కుర్చీ వీపున ఆరేసి వచ్చి కూర్చున్నాడు.

"తప్పు నాదే బావా. రేడియోలో కూత సరిపెట్టే స్క్రూ ఒకటుంది కదా, అది నా చెవికి బాగుందని కీచుగా పెట్టేశాను. వినేది నువ్వయితే నా చెవితో పనేంటి? నీ చెవికి పెడదాం."

అది సగం నిజం. మిగతా సగం ఎందుకు మింగాడో గుమాస్తాకు తెలుసు. మెచ్చుకోలు ఆయనకు నోట రాదు.

"తిప్పు," అన్నాడు.

బావమరిది స్క్రూను వెంట్రుకవాసి తిప్పాడు. హోరే. ఇంకాస్త. హోరే. ఇంకాస్త తిప్పేసరికి హోరు అడుగు నుంచి, నూతిలో కప్పలాగా, బొంగురుగా ఏదో లేచింది.

"ఆపు. ముట్టుకోకు."

కిటికీలో ఎండ పలచబడింది. కప్ప ఆగిపోయింది. కాసేపటికి మరో చెయ్యి పలికింది. ప్రతి గీతనూ ఒక పిసరు సాగదీసే చెయ్యి. అలా సాగదీయకురా అని ఆఫీసులో ఎన్నిసార్లు తిట్టాడో.

ఉన్నావా, అంటున్నాడు దీపస్తంభం.

ఉన్నాను, అని కొట్టాడు గుమాస్తా.

అవతల నుంచి ప్రశ్న వచ్చింది. ఇన్నాళ్లూ కోపమా?

మీట మీద వేలు పెట్టాడు. రేడియో చెడిందని కొట్టొచ్చు. పక్కన కూర్చున్నవాడికి చుక్కలూ గీతలూ రావు, ఎవరికీ తెలియదు.

కాదు, అని కొట్టాడు. చెవుడు.

బావమరిది ముందుకు వంగి పెదవులు కదిపాడు. ఏమంటున్నాడని అడుగుతున్నాడు కాబోలు. గుమాస్తా హెడ్‌ఫోన్లు తీయలేదు.

"ఏం కొరుకుతున్నావ్ రా?" అన్నాడు.

అతను నవ్వాడో లేదో చూడలేదు. అవతల దీపస్తంభం గీత సాగదీస్తున్నాడు.