పొయ్యి మీద పొయ్యి

రెండో అంతస్తు చూడటం ముగించి, మూడో అంతస్తుకు ఎక్కే స్తంభాల దగ్గర తీగల మావయ్య ఆగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మేడ పెద్దదేమీ కాదు. మూడంతస్తులూ కలిపి చిటికెనవేలి గోరంత. ఒకదాని మీద ఒకటి పేర్చిన చిప్పులు, వాటిని కలిపే నిలువు తీగలే స్తంభాలు. కంప్యూటరు తెర మీద మాత్రం ఊరంత కనిపిస్తాయి.

ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆయన పని చిప్పుల్లో తీగలు గీయడం. ఆఫీసు ఆ పేరు పెట్టిందీ అందుకే. ఆ తీగలన్నీ సాగదీసి ముడేస్తే చంద్రుడి దాకా వెళ్ళి, ఓ చుట్టు చుట్టి, మిగిలినదాని మీద ఇంటిల్లిపాదీ బట్టలారేసుకోవచ్చు. కొలిచినవాడు లేడు గనక కాదనేవాడూ లేడు. బట్టతల, నూలు స్వెట్టరు, ఎడమదానికన్నా రెండంగుళాలు కిందికి జారిన కుడి భుజం. ఆయన ఏడు నెలలు గీసేదాన్ని, తనంతట తానే గీసుకుపోయే కొత్త టూలు నలభై నిమిషాల్లో గీసి పారేసింది.

మేనేజరు సోమవారమే చెప్పాడు: “అది గీసినదాంట్లో ఒక్క తప్పు పట్టండి సార్, మీ కుర్చీ ఎవడూ కదపడు. లేదంటే శుక్రవారంతో సరి.”

ఇవాళ శుక్రవారం.

మధ్యాహ్నం భార్య ఫోను చేసింది. “ఏమన్నా చేసిందా అది?” కొత్తకోడలి గురించి అత్తగారు ఆరా తీసినట్టుంది గొంతు.

“లేదే. బుద్ధిగానే ఉంది.”

“సరిగ్గా చూడండి. అంత బుద్ధిమంతులు ఎక్కడా ఉండరు.”

మూడు గంటలకు దొరికింది. మొదటి అంతస్తులో లెక్కలు కట్టే భాగం, సరిగ్గా దాని నెత్తిన బొమ్మలు వేసే భాగం. తీగ పొట్టిగా ఉంటుందని టూలు అలా పెట్టింది. ఏ అంతస్తు వేడి ఆ అంతస్తుకే చూసుకుంది గాని, రెండూ ఒకేసారి పనిచేస్తే చిప్పు మాడిపోతుందని చూసుకోలేదు.

టూలు నడిపే అమ్మాయిని పిలిచి చూపించాడు. తప్పేనని ఒప్పుకుంది. అంతటితో ఊరుకోవచ్చు. కానీ ఆ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుని, “ఎలా పట్టుకున్నారు మావయ్యగారూ?” అంది.

ఆ మాట ఆయన్ను ఎవరైనా అడిగి తొమ్మిదేళ్ళయింది.

“పొయ్యి మీద పొయ్యి పెట్టి వండుతారటమ్మా?” అని మొదలెట్టి, దేన్ని దేనికి ఎంత ఎడంగా జరపాలో, ఎందుకో, ముప్పావుగంట చెప్పాడు. చేతులతో గాల్లో అంతస్తులు కట్టాడు. రెండుసార్లు నవ్వాడు కూడా. ఆమె అంతా విని, నాలుగు వరుసల్లో టూలుకు ఎక్కించింది. అది తొమ్మిది నిమిషాల్లో మేడంతా సర్దేసుకుని, ఇకమీద కట్టే ప్రతి మేడకూ ఇదే పద్ధతని గుర్తుపెట్టుకుంది.

మేనేజరు వచ్చి తెర చూశాడు. “తప్పేది సార్?”

“ఇందాక ఉండేది.”

“ఇప్పుడు లేదుగా.”

అమ్మాయి ఏదో అనబోయింది. తీగల మావయ్య చేత్తోనే వద్దన్నాడు.

అయిదున్నరకు స్వెట్టరు విప్పి, మడిచి, సంచిలో పెట్టుకున్నాడు. లిఫ్టు దగ్గర మళ్ళీ ఫోను.

“దొరికిందా?”

“దొరికింది.”

“అయితే ఉంచుతారుగా?”

“దిద్దుకుంది. నేనే నేర్పాను.”

“సర్లెండి, నెమ్మదిగా రండి” అంది భార్య.

లిఫ్టు కిందికి వెళ్ళింది.

సోమవారం తీగల మావయ్య బల్ల దగ్గరికి మారిన అమ్మాయి సొరుగు లాగితే, అడుగున ఎర్ర పెన్సిలు ముక్క ఒకటి కనిపించింది. వేళ్ళకు అందనంత అరిగిపోతే, పొడుగు కోసం దాని చివర కాగితం గట్టిగా చుట్టి, దారం కట్టి ఉంది.