హాజ్జా ఊపిరి గొట్టం

మా ఫ్లయింగ్ క్లబ్బులో పాత బ్రూసార్ విమానాన్ని అందరూ హాజ్జా అంటారు, హజ్ చేసొచ్చిన పెద్దావిణ్ణి పిలిచినట్టు. ఒకప్పుడు సైన్యంలో అధికారుల్ని, ఉత్తరాల్ని, ఓసారి రెండు మేకల్ని కూడా మోసిందట. ఒళ్లు బరువు, గొంతు పెద్దది, రాళ్లలోనైనా సరే దిగిపోతుంది.

ఆ రోజు రాజధాని రబాత్ నుంచి తనిఖీకి మేడమ్ బెన్నీస్ వస్తోంది. ఆవిడ సంతకం పెడితే హాజ్జా ఇంకో ఏడాది ఎగురుతుంది. లేకపోతే మ్యూజియంలో పైకప్పుకి వేలాడదీస్తారు.

విమానాల రిపేరు చదువుకుని నేను అక్కడ చేరి ఎనిమిది నెలలు. ఇంజిన్ కింద నూనె మరకలు చూసినప్పుడల్లా, చుట్టాల ముందు ముక్కు కారుతున్న చంటిదాన్ని చూసినంత సిగ్గేసేది. అందుకే పొద్దున్నే నేల కడిగేసి, నూనె కారే గొట్టంలో రబ్బరు బిరడా దూర్చాను. కాగితాలు చూసి వెళ్లిపోతుందిలే, తర్వాత తీసేద్దాం అనుకున్నాను.

మేడమ్ బెన్నీస్ పుదీనా టీ తాగింది, మ్సెమెన్ రొట్టెలు రెండు తినేసింది, కాగితాలు తిరగేసింది. తర్వాత నేల వైపు చూసింది.

"ఇలాంటి పాత ఇంజిన్ కింద ఇంత శుభ్రమేంటి? అసలు నూనె పోశారా?"

"మా గిజ్లాన్ పనండీ. ఊరుకుంటే రన్‌వే కూడా తుడిచేస్తుంది," అన్నాడు బుఅజ్జా బాబాయ్ నన్ను చూపిస్తూ. సైన్యంలో హాజ్జాని నడిపింది ఆయనే.

"అయితే ఇంజిన్ వేయండి."

బాబాయ్ ఎక్కి కూర్చున్నాడు. ఇంజిన్ వేసేముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తొమ్మిది రెక్కలు దాటేదాకా తిప్పాలి, పైకి లెక్కపెడుతూ. ఆ పని నాదే. ఒకటి, రెండు... ఆ గొట్టం ఇంజిన్‌కి ఊపిరి. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, సీళ్లు చీల్చుకుని నూనెంతా బయటికి తన్నుకొస్తుంది. చెబితే మ్యూజియం. చెప్పకపోతే... ఆరు దగ్గర ఆగిపోయాను.

"ఏమ్మాయ్, అంకెలు అయిపోయాయా?"

"బాబాయ్, స్విచ్ ముట్టుకోకండి! గొట్టంలో బిరడా పెట్టాను."

"ఏ గొట్టంలో?"

"ఊపిరి గొట్టంలో."

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఇది ఏ ఏడాది పాఠమే?"

మేడమ్ నవ్వలేదు. "తియ్యి."

లాగాను. నా మోచేతి దాకా నూనె. మేడమ్ ఏదో రాసుకుంది. తొంగి చూశాను: "గొట్టంలో అడ్డు. పెట్టినవారే చెప్పి తీశారు."

మళ్లీ ఒకటి నుంచి తిప్పాను. హాజ్జా దగ్గింది, తెల్లగా పొగ వదిలింది, తర్వాత షెడ్డు రేకులన్నీ వణికేలా అందుకుంది. మేడమ్ పావుగంట పాటు ఒక్కో మీటరు ముల్లూ చూసి, ఇంజిన్ ఆపించి, బానెట్ కింద చెయ్యిపెట్టి తడిమి, సంతకం పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఒకసారి ఎగరేసి చూపించాలి. నువ్వూ ఎక్కు. నీ పనిమీద నీకెంత నమ్మకముందో చూద్దాం."

ఎక్కాను. బెల్టు పెట్టుకుంటుంటే ఆవిడ బూట్లు దులుపుకుని, నా పక్కకే వచ్చింది.

"మీరు కూడానా?"

"ఇలాంటి దాంట్లో ఎక్కి ఇరవై ఏళ్లయింది. కిటికీ సీటు నాది, జరుగు."