పెదనాన్న బంగారు పన్ను

మా పెదనాన్న గోపయ్యకు తెలివి లేదని ఎవరూ అనలేరు. ఉన్న తెలివినంతా ఒకేచోట కుమ్మరించేవాడు, అదీ చిక్కు.

1948 శ్రావణం. ఇబ్రహీంపట్నంలో కాస్త నగానట్రా ఉన్నవాళ్లెవరికీ కంటిమీద కునుకు లేదు. ఒకవైపు రజాకార్లు, ఇంకోవైపు కమ్యూనిస్టు దళాలు, మధ్యలో ఎవరి పేరు చెప్పి ఎవరు దోచుకుపోతారో తెలియదు. కొందరు బంగారాన్ని గోడలో దాచారు, కొందరు గడ్డివాములో. పెదనాన్న మాత్రం మా పెద్దమ్మ వజ్రమ్మ కమ్మలు పట్టుకుని పట్నం పోయాడు. అక్కడి పండ్ల డాక్టరు చేత వాటిని కరిగించి పన్నుకు తొడుగు చేయించుకుని వచ్చాడు. ఆ పన్నుకు ఏ జబ్బూ లేదు. నిన్నమొన్నటి దాకా చెరుకు గడలు నమిలిన ఎడమ దవడ పన్ను. తొడుగు పట్టడం కోసం దాన్ని అరగదీయించుకున్నాడు. ఇలాంటి మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

"భూమిల పెడితే తవ్వుతరు, గోడల పెడితే పగలగొడ్తరు. నా నోట్లె చెయ్యి పెట్టే మొనగాడెవడు?" అన్నాడు అరుగు మీద కూర్చుని, నలుగురూ వింటుండగా.

పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "రేపు నొప్పి లేస్తే?"

"నొస్తుందని నా నోటెంట ఒక్క మాటొస్తే, గా దినమే తీయించి నీ కమ్మలు నీకు చేపిస్త. సరేనా?"

చల్లదీ వేడిదీ తగిలితే కొన్నాళ్లు జివ్వుమంటుందని, తగ్గకపోతే మళ్లీ రమ్మని డాక్టరు చెప్పే పంపాడు. ఆ ముక్క మాత్రం పెదనాన్న మింగేశాడు.

జివ్వుమనడమంటే మామూలుగా కాదు. చల్లటి నీళ్లు తగిలితే నడినెత్తి దాకా ఎక్కేది. వేడి చాయ్ తగిలితే చెవిలో నుంచి బయటికొచ్చేది. అన్నం ఆరబెట్టుకుని, నీళ్లు ఎండలో పెట్టుకుని, అన్నీ కుడివైపే నమిలేవాడు. గాలి తగలకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. బంగారం వచ్చాక మనిషికి పెద్దరికం వచ్చిందనుకుంది ఊరు. పక్కింటి సిద్దయ్యయితే తనూ తొడుగు చేయించుకుందామని ఉంగరం చేతిలో పట్టుకుని మరీ వచ్చాడు.

"నొప్పి గిప్పి ఉంటదా గోపన్నా?"

"పువ్వు పెట్టుకున్నట్టుంటది" అన్నాడు పెదనాన్న, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

నొస్తోందని ఒప్పుకుంటే పోయేది కదా అంటారు మీరు. ఎట్లా ఒప్పుకుంటాడు? నలభై ఏళ్ల బతుకులో ఆయన ఆలోచనల్లో ఊరు మెచ్చింది అదొక్కటే.

ఇంతలో పోలీసు చర్య జరిగింది. నిజాం లొంగిపోయాడు. కొద్ది రోజులకు పెద్ద అంబర్‌పేట్ వైపు నుంచి రెండు మిలిటరీ లారీలు వస్తున్నాయని కబురు అందింది. బంతిపూల దండలు కట్టారు. నిమ్మకాయ షర్బత్ కలిపి, కొత్త కుండలో పోసి, తడి ఇసుకలో పాతిపెట్టారు. అది మంచులా చల్లబడింది. బంగారు పన్ను ఉన్న పెద్దమనిషే మొదటి చెంబు అందించాలని ఊరంతా పట్టుబట్టింది.

లారీ దిగిన సుబేదారు గుంటూరు వైపు మనిషి. దారిలో ఎక్కడో బావుల్లో విషం కలిపారని పుకారు విని వచ్చాడు. చెంబు అందుకోలేదు.

"ముందు మీరు తాగండి" అన్నాడు.

పెదనాన్న దేవుణ్ణి తలుచుకుని, తల కుడివైపుకి వంచి ఒక గుక్క పోసుకున్నాడు. షర్బత్‌కి కుడీ ఎడమా తెలుసా? ఒక కన్ను మూసుకుపోయింది. మూతి చెవి దగ్గరికి పోయింది. ఎడమకాలు దానంతటదే పైకి లేచింది. చెంబు కింద పడింది. నాలుగు తుపాకులు ఒక్కసారి లేచాయి.

"ఏం కలిపావురా ఇందులో?"

"ఏం కలపలే సారూ. మస్తుగుంది" అన్నాడు పెదనాన్న దవడ పట్టుకుని.

"మస్తుగుంటే ఇంకో గుక్క తాగు."

తాగలేదు. తాగలేడు. రెక్కలు విరిచి వెనక్కి కట్టడం మొదలుపెట్టారు. అప్పుడైనా నోరు విప్పాడా? విప్పలేదు. విషం పెట్టినవాడిగా లారీ ఎక్కడానికైనా సిద్ధపడ్డాడు గానీ, పన్ను నొస్తోందని ఊరి ముందర ఒప్పుకోవడానికి మా పెదనాన్న సిద్ధపడలేదు.

పెద్దమ్మ అంతదాకా ఓపిక పట్టింది. ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్లూ ఎదురు చూసింది మరి. కానీ తాడు చూసేసరికి ఇక ఆగలేకపోయింది. మంది నడుమ నుంచి తోసుకుంటూ వచ్చి, ఇంకో చెంబు ముంచి, సుబేదారు కళ్లముందే గటగటా చుక్క మిగలకుండా తాగేసింది. తర్వాత పెనిమిటి దవడ పట్టి, ఎద్దు వయసు చూసినట్టు నోరు తెరిచింది.

"సూడు సారూ, ఇషం గాదు. నా కమ్మలు!"

సుబేదారు వంగి చూశాడు. సంగతంతా విన్నాడు. అతని పొట్ట ఊగడం మొదలైంది. సిపాయిలు కూడా వరుసగా వచ్చి నోట్లోకి తొంగిచూశారు. వాళ్ల ఊపిరి తగిలినప్పుడల్లా పెదనాన్న మునికాళ్ల మీద లేచాడు.

"బాగా నొప్పిగా ఉందా?" అని అడిగాడు సుబేదారు, తాడు విప్పిస్తూ.

ఊరంతా చెవులు రిక్కించింది. సిద్దయ్య అందరికంటే ముందున్నాడు. పెదనాన్న తల దించుకున్నాడు. ఆ దించుకున్న తలను పెద్దమ్మ చూడలేకపోయింది.

"నొప్పి లేదు, ఏం లేదు సారూ. తుపాకులు సూసి బెదిరిండు, గంతే" అంది.

పెదనాన్న చప్పున తలెత్తి ఆమెను చూశాడు. బోసి చెవులతో నిలబడి, తన పరువు కోసం మిలిటరీవాళ్లతో అబద్ధమాడుతున్న ఆడమనిషి. ఆయన గుండె కరిగిపోయింది.

"నొస్తుంది!" అని పక్కనున్న మంచాల ఊరి దాకా వినపడేటట్టు అరిచాడు. "మస్తు నొస్తుంది! నెల రోజుల సంది పానం పోతుంది! సిద్దన్నా, నువ్వు జేపియ్యకు!"

ఆ తర్వాత ఆపడం ఎవరివల్లా కాలేదు. చాయ్ తగిలితే నొస్తుందన్నాడు, గాలి తగిలితే నొస్తుందన్నాడు, నవ్వితే నొస్తుందన్నాడు. అంటూ ఏడ్చాడు, ఏడుస్తూ నవ్వాడు, నవ్వి మళ్లీ దవడ పట్టుకున్నాడు.

పెద్దమ్మ కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

"ఎరుకే, మొదటి దినం నుంచి ఎరుకే" అంది. "నీళ్లు ఎండల ఎవరు పెట్టిన్రనుకున్నవ్? నువ్వు రోజూ మరిచిపోతుంటివి."