మనుషులకు ఈజ్, దుప్పట్లకు వాజ్

హోటల్ అట్టడుగు అంతస్తులో ఉన్న లాండ్రీలో అందరూ ఆమెను అయ్యోమ్మ అనే పిలిచేవారు. దుప్పట్లను ఇస్త్రీ చేసే రోలరు కాస్త గట్టిగా మూలిగితే అయ్యో. లిఫ్టు ఆలస్యమైతే తాడు తెగిందేమోనని అయ్యో. ఎవరైనా తుమ్మినా అయ్యోనే.

అలాంటి అయ్యోమ్మకు పగటి షిఫ్టు హెడ్డు పోస్టు అందేంత దూరంలోకి వచ్చింది. ఇప్పటి షిఫ్టు మధ్యాహ్నం పట్టుకుంటే రాత్రి దాకా వదలదు. కూతురు బడి నుంచి వచ్చిందా, పాలు కాచుకుని స్టవ్వు కట్టేసిందా అని ఆవిరి మధ్య నిలబడి దుప్పట్లకంటే ముందు ఆమే ఉడికిపోతుంది. పగటి షిఫ్టయితే పిల్ల వచ్చేసరికి తను గుమ్మంలో ఉంటుంది. అందుకోసం ఆ రోలరునైనా ఒంటిచేత్తో ఎత్తేది. కానీ హోటలువాళ్లు ఎత్తమన్నది రోలరును కాదు, ఇంగ్లీషును. షిఫ్టులో ఏమేం జరిగిందో మేనేజరమ్మకు ఇంగ్లీషులో చెప్పగలగాలట. పరీక్ష మర్నాడు పొద్దున్నే.

ఆ రోజు సెలవు. తల్లీకూతుళ్లు వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. అమ్మకు పాఠం చెప్పే అదృష్టం రోజూ దొరకదని కూతురు పెన్ను చెవిలో దోపుకుని మరీ కూర్చుంది.

"నిన్న మేము దుప్పట్లు... వాష్? వాష్డ్?" అని అడిగింది కూతురు.

"వాష్డ్."

"నిన్న మెషీను... స్టాప్స్? స్టాప్డ్?"

"స్టాప్డ్. దాని మొహం, ఎప్పుడు చూసినా స్టాప్డే."

"సూపరమ్మా! నిన్న నాన్న బస్సు... డ్రైవ్స్? డ్రోవ్?"

"డ్రైవ్స్."

"నిన్న అన్నాను కదమ్మా! నిన్నంటే అయిపోయింది. డ్రోవ్."

"అయిపోవడమేంటే? మీ నాన్న ఇంకా ఇల్లే చేరలేదు! మనిషి రోడ్డు మీదుండగా అవేం మాటలే, శుభం పలకవే తల్లీ!"

ఆమె భయానికి కారణం లేకపోలేదు. లాండ్రీలో పాత కాపలాదారు పోయినప్పుడు గోడకు ఆయన ఫోటో అంటించి, కింద "హీ వాజ్ ఎ గుడ్ మ్యాన్" అని రాశారు. ముందురోజు దాకా ఈజ్‌గా తిరిగిన మనిషి తెల్లారేసరికి వాజ్ అయిపోయాడు. ఆనాటి నుంచి ఆ మాట ఎక్కడ విన్నా ఆమె చెవులు మూసుకుంటుంది.

"దుప్పట్లకు వాజ్ పెట్టు, ఒప్పుకుంటాను. మనుషులకు మాత్రం ఈజే."

"ఫెయిలవుతావమ్మా!"

"అయితే అయ్యాను. పరీక్ష కోసం కట్టుకున్నవాణ్ణి పాస్ట్‌లో పెట్టమంటావా?"

అంతలోనే ఆ కట్టుకున్నవాడు వచ్చాడు. కూతురు ఫిర్యాదంతా విని, చొక్కా గుండీలు విప్పుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు.

"పొద్దున ఏమైందో తెలుసా? మలుపులో ఓ లారీ నా మీదికే వచ్చింది."

"అయ్యో!"

"బ్రేకు తొక్కాను. బస్సు జారింది."

"అయ్యయ్యో!"

"పక్క అద్దం పగిలింది."

"దెబ్బలు? తలకా? లోపలేమైనా అదిరిందా? ఏదీ, చూపించండి!"

"చూడ్డానికేముందోయ్? వచ్చింది, తొక్కాను, జారింది, పగిలింది. అవన్నీ ఆ మలుపులోనే ఉండిపోయాయి. నేనిక్కడున్నాను. ఆకలేస్తోంది."

కూతురు బల్ల మీద చరిచింది. "చూశావా! లారీ పాస్ట్. నాన్న ప్రెజెంట్!"

అయ్యోమ్మ కాసేపు మొగుడి తల నిమురుతూ నిలబడింది. తల గట్టిగానే ఉంది.

"అయితే గడిచిపోయిన గండాలన్నీ అందులో పడేయొచ్చా?"

"ఎన్నయినా."

"నిన్న గ్యాసు పేలలేదు. ఎలా అనాలి?"

"డిడ్ నాట్ బర్స్ట్."

"గ్యాస్ డిడ్ నాట్ బర్స్ట్!" అనగానే ఎందుకో నవ్వొచ్చింది. "నువ్వు చిన్నప్పుడు గుండీ మింగావు, అది?"

"స్వాలోడ్."

"బయటికి కూడా వచ్చిందే!"

"కేమ్ ఔట్... ఛీ, అమ్మా!"

ఇక ఆమెను పట్టే పగ్గం లేకపోయింది. ఫ్యాను చూసి "డిడ్ నాట్ ఫాల్!" అంది, మొగుణ్ణి చూపించి "డ్రోవ్! డ్రోవ్ అండ్ కేమ్!" అంది. ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే పక్కింటావిడ కంగారుగా తలుపు కొట్టింది.

"ఏమైందండీ?"

"నథింగ్ హ్యాపెన్డ్ అండీ!" అని అరిచింది అయ్యోమ్మ.

మర్నాడు మేనేజరమ్మ, "మొన్న మీ షిఫ్టులో ఏం జరిగింది?" అని ఇంగ్లీషులో అడిగింది. అయ్యోమ్మ ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది. దుప్పట్లు వాష్డ్. డ్రయ్యరు స్మోక్డ్ కొంచెం. తను ఓపెన్డ్, నూలు పీచంతా టుక్ ఔట్, డిడ్ నాట్ బర్న్. లిఫ్టు డిడ్ నాట్ ఫాల్. రోలరు ఎవరి చెయ్యీ డిడ్ నాట్ ఈట్.

మేనేజరమ్మ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "జరగనివన్నీ ఎందుకు చెబుతున్నావు?"

"అవే ముఖ్యం మేడం. ఉతకడం ఎవరైనా ఉతుకుతారు."

"రోజూ ఇవన్నీ చూస్తావా?"

"చూడకపోతే నిద్రెలా పడుతుంది మేడం?"

మేనేజరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మండే నుంచి యూ విల్ బీ ద హెడ్."

ఈ విల్ అన్నది పాఠంలో లేదు. అయ్యోమ్మ మొహం మాడిపోయింది. "విల్ అంటే ఏంటి మేడం?"

"అంటే, ఇకమీద జరగబోయేది."

"అయ్యో, ఇంకా జరగలేదా? ఈలోగా మీకు బదిలీ కావచ్చు, హోటలే మూతపడొచ్చు, నేనే మెట్ల మీంచి..."

"సరే సరే! ఏం చెయ్యమంటావు చెప్పు?"

"ఆ విల్ తీసేయండి మేడం. మీకు పుణ్యముంటుంది, ఇప్పుడే చేసేయండి!"

మేనేజరమ్మ ఇక ఆపుకోలేక పగలబడి నవ్వింది. "యూ ఆర్! పో, ఇవాళ్టి షిఫ్టు నీదే!"

కింద విషయం తెలియగానే తోటివాళ్లు ఆమెను అమాంతం ఎత్తి తువ్వాళ్ల బండిలో కూర్చోబెట్టి, నడవా పొడవునా పరుగు లంకించుకున్నారు.

"చక్రం ఊడుతుందే! గోడే, గోడ! మెల్లగా, మీకు దండం పెడతా! సాయంత్రం మా పిల్ల వచ్చేసరికి నేను ఇంట్లో ఉండాలే!"

"ఉంటావులే అక్కా! ముందు గట్టిగా పట్టుకో!"

అయ్యోమ్మ రెండు చేతులా బండి అంచు పట్టుకుంది. తడి తువ్వాళ్ల మధ్య, నోరారా అరుస్తూ, అరుపుకో నవ్వు నవ్వుతూ, మలుపు తిరిగింది.